మద్దలేనా గుమ్మంలో కుండలు

ఆ రోజు మా ఇంట్లో నాన్నమ్మ ఉంది, నాన్న ఉన్నాడు, నేను ఉన్నాను. రొట్టెల పిండి పిసకడానికి వచ్చిన మద్దలేనా ఉంది. ఇటలీ రాజుగారి సైన్యం నుంచి వచ్చిన ఉత్తరాది కాప్టెన్ ఉన్నాడు. ఆయనకి మా మాటలు విడమరిచి చెప్పడానికి పక్క లోయ ఊరివాడు తిత్తా ఉన్నాడు. పొతెన్సా పట్నం నుంచి గాడిదబండి మీద పెట్టెలు వేసుకుని వచ్చిన ఫోటోల దోన్ ఆన్సెల్మో ఉన్నాడు. వీధి తలుపు దగ్గర సైనికులు కాపలా ఉన్నారు. లోగిట్లో, సున్నం కొట్టిన గోడకి ఆనించిన మా నాన్న కుర్చీలో, లవియేరో ఉన్నాడు. సైనికులు అతన్ని అడవిలో కాల్చి చంపి అప్పటికి ఒక రాత్రి గడిచింది.

లవియేరో మద్దలేనా కొడుకు. ఆ సంగతి ఊరంతటికీ తెలుసు. కాప్టెన్‌కి మాత్రం తెలియకూడదు.

కొత్త చట్టం వచ్చాక అడవిలోకి వెళ్ళిన బందిపోటు ఎవరి బిడ్డో తెలిస్తే చాలు, ఆ తల్లినీ చెల్లెళ్ళనీ కూడా పట్టుకుపోతున్నారు. కిందటి చలికాలం కుమ్మరి వీధిలో ఒక ఇంటివాళ్ళని అలాగే బండెక్కించి ఏదో దీవికి పంపారు. వాళ్ళు తిరిగి రాలేదు. వాళ్ళ తలుపు పైన ఇప్పుడు పావురాలు గూడు పెట్టుకున్నాయి. మద్దలేనాకి లవియేరో తర్వాత ఇద్దరు ఆడపిల్లలు. చిన్నదానికి ఇంకా పాలపళ్ళు ఊడలేదు.

లవియేరో మా ఆలివ్ గానుగలోనే పనిచేసేవాడు. కళ్ళకి గంతలు కట్టిన గాడిదని రాయి చుట్టూ తిప్పుతూ దానికి ఊరి కబుర్లన్నీ చెప్పేవాడు. సైన్యంలో చేరమని కబురు వచ్చినప్పుడు, "ఈ గాడిదకి నేను లేకపోతే తోచదు, మీ రాజుకి వేరేవాళ్ళు ఉన్నారు" అన్నాడట. ఆ తర్వాత అడవిలోకి పోయాడు. మళ్ళీ నేను అతన్ని చూసింది ఆ కుర్చీలోనే.

మా ఇల్లే ఎందుకంటే వెలుతురు వల్ల. దోన్ ఆన్సెల్మో పొద్దున్నే వీధిలో ప్రతి గోడనీ పెళ్ళిచూపులకి వచ్చినవాడిలా చూసుకుంటూ వచ్చి, మా లోగిట్లో ఆగిపోయాడు. "ఇక్కడ వెలుగు పాలలా ఉంది. ఇక్కడే కూచోబెట్టండి" అన్నాడు. పొగ తగిలితే గాజు పలకల మీది మందు చెడిపోతుందని నాన్నమ్మ చేత పొయ్యి కూడా రాజెయ్యనివ్వలేదు.

కాప్టెన్ ముందు నాన్నని అడిగించాడు.

"ఏమయ్యా గానుగాయనా, వీణ్ణి ఎరుగుదువా?" అన్నాడు తిత్తా.

నాన్న టోపీని చేతుల్లో నలిపాడు. "ఎక్కడ ఎరుగుతాం బాబూ! కొండమీద వాళ్ళు కొండమీదే ఉంటారు. మేము నూనె పిండుకునేవాళ్ళం. పొద్దున లేస్తే కాయలు, రాయి, గాడిద. మొహాలు చూసే తీరికెక్కడిది?"

"తెలీదట" అన్నాడు తిత్తా కాప్టెన్‌తో.

కాప్టెన్ కనుబొమలు ముడిచాడు. అంత మాటకి అంత చిన్న అర్థమేమిటని ఆయన అనుమానం. పొద్దుటినుంచీ అదే వరస.

"నువ్వో, ముసలమ్మా?"

"నాకు నా మనవరాలి మొహమే సరిగా ఆనదు నాయనా" అంది నాన్నమ్మ. వీధి చివర మేక కనబడితే అది ఎవరి మేకో, ఏ కాలు కుంటుతోందో చెప్పగలదు నాన్నమ్మ.

"ఈ పిల్ల? దీనికి నాలుకుందా అసలు?"

"ఉంది. నీలాంటివాళ్ళ మీద అరగదీయడం ఎందుకని దాచుకుంది" అంది నాన్నమ్మే.

తిత్తా నవ్వాడు. నాన్న మాత్రం, నా మౌనాన్ని తప్పు పడతారేమోనని కంగారుపడి, అడక్కుండానే చెప్పేశాడు: "సిగ్గు బాబూ దానికి. అంతే. పాదిరిగారి బడిలో చదివింది. పుస్తకాల భాష వచ్చు దానికి. కాప్టెన్ గారు మాట్లాడేదంతా అర్థమౌతుంది." ఆ మాట తిత్తా పూర్తిగా చెప్పాడు. కాప్టెన్ మొదటిసారి నావైపు చూశాడు. నేను మద్దలేనా వెనక్కి తప్పుకున్నాను.

తర్వాత ఊరివాళ్ళని ఒక్కొక్కరినీ లోపలికి పిలిచి కుర్చీ ముందునుంచి నడిపించారు. కాప్టెన్ వాళ్ళ మొహాలు చూస్తున్నాడు. తిత్తా మాత్రం వాళ్ళ చేతులు చూస్తున్నాడు. మా వైపు ఆడది తనవాళ్ళ శవాన్ని చూస్తే చెయ్యి దానంతటదే తలగుడ్డ ముడి మీదికి పోతుంది. ముడి విప్పి జుట్టు వదిలేస్తుంది. ఆ సంగతి ఉత్తరాదివాళ్ళకి తెలియదు, తిత్తాకి తెలుసు. అందుకేనేమో, ఆ రోజు మా ఊరి ఆడవాళ్ళెవరూ ఖాళీ చేతులతో రాలేదు. ఒకామె రెండు చేతులా కోడిని పట్టుకుని వచ్చింది. ఒకామె ఉన్ని వడుకుతూనే నడిచింది. చంటిపిల్లని ఎత్తుకొచ్చిందొకామె, ఆ పిల్ల ఆమెది కానే కాదు. అలా చెయ్యమని ఎవరూ ఎవరికీ చెప్పలేదు.

మద్దలేనా చేతులు పిండిలో ఉన్నాయి. ఆమె తల ఎత్తకుండా పిసుకుతూనే ఉంది. ఆ పిండిని అంతసేపు పిసకక్కర్లేదు.

జనం అయిపోయాక దోన్ ఆన్సెల్మో తన పని మొదలుపెట్టాడు. లవియేరో జుట్టు దువ్వాడు. టోపీ పెట్టి, కాస్త పక్కకి వంచాడు. నడుముని కుర్చీకి తాడుతో కట్టి పైన కోటు కప్పాడు. తుపాకి ఒళ్ళో పెట్టి వేళ్ళని దారంతో దానికి బిగించాడు. ఇదంతా ఆయన పెళ్ళికొడుకుని ముస్తాబు చేసినట్టు, కబుర్లు చెబుతూ చేశాడు.

"బతికున్నవాళ్ళతో నాకు ఎప్పుడూ పేచీయే. కదులుతారు. దగ్గుతారు. చివర్న నా ముక్కు ఇంత పెద్దదా అని పోట్లాడతారు. వీళ్ళు బంగారం."

"ఎడమ చెంప మీద నీడ పడుతోంది. ఎవరైనా తెల్ల దుప్పటి పట్టుకోవాలి" అన్నాడాయన.

కాప్టెన్ చుట్టూ చూసి దగ్గర్లో ఉన్న మనిషిని వేలితో చూపించాడు. ఆ మనిషి మద్దలేనా.

ఆమె చేతులు కడుక్కుంది. తుడుచుకుంది. నాన్నమ్మ పెట్టెలోంచి తీసిచ్చిన దుప్పటిని రెండు కొసలూ పట్టుకుని పైకెత్తి, కుర్చీకి చేయి చాపితే అందేంత దూరంలో నిలబడింది. "ఇంకాస్త దగ్గరికి" అన్నాడు దోన్ ఆన్సెల్మో. ఆమె ఇంకాస్త దగ్గరికి జరిగింది. "వెలుగు మొహం మీద పడాలి. అతన్నే చూస్తూ పట్టుకో, లేకపోతే దుప్పటి పక్కకి పోతుంది." ఆమె అతన్నే చూస్తూ పట్టుకుంది.

అప్పుడు ఆయన బొటనవేలితో లవియేరో కళ్ళు తెరిచాడు.

నాన్నమ్మ గోడవైపు తిరిగింది. చచ్చినవాడి కళ్ళు తెరిచి ఉంచితే వాడు తోడు కోసం వెతుక్కుంటాడని మావాళ్ళు అంటారు. కని లోకాన్ని చూపించిన మనిషే ఆ రెప్పలు మూయాలి, తల్లి లేకపోతేనే ఇంకొకరు. దోన్ ఆన్సెల్మో గానుగ గది చీకట్లోకి వెళ్ళి మందు తడి ఆరని గాజు పలకని తెచ్చి, తన పెట్టెలో పెట్టి, మూత తీశాడు. మేమంతా ఊపిరి బిగబట్టాం. అవసరం లేదు, అయినా బిగబట్టాం. దుప్పటి కదల్లేదు.

పలక కడిగి వెలుతురుకి పట్టి చూసి ఆయన నాలుక చప్పరించాడు. మధ్యలో ఒక రెప్ప వాలిపోయింది. "కన్ను కొడుతున్నట్టు వచ్చాడు దొంగ!"

"మళ్ళీ తియ్యి" అన్నాడు కాప్టెన్.

ఈసారి రెప్పల కింద ఏదో జిగురు రాశాడు. అంతసేపూ మద్దలేనా దుప్పటి దించలేదు. నేను ఆమె మొహం చూడలేక దుప్పటి అంచు చూస్తూ నిలబడ్డాను. అది నాన్నమ్మ పెళ్ళినాటి దుప్పటి, అంచున చిన్న చిన్న గోధుమ కంకులు కుట్టి ఉన్నాయి.

రెండో పలక బాగా వచ్చింది. లవియేరోవి నీలి కళ్ళు. ఆ మందుకి నీలం కనపడదట, గాజు మీద అవి తెల్లగా, గుడ్డివాడి కళ్ళలా ఉన్నాయి. కాప్టెన్ చాలాసేపు చూశాడు.

"బాగుంది. కానీ కింద ఏమని రాయను? పేరు లేని శవాన్ని పైవాళ్ళకి ఎలా పంపను?"

అప్పుడే, గుర్రానికి నీళ్ళు పెట్టడానికి బయటికి వెళ్ళిన తిత్తా తిరిగొచ్చాడు. గుమ్మంలోనే ఆగి మా భాషలో, నాన్నతో, తొందరేమీ లేకుండా అడిగాడు.

"మూడిళ్ళ అవతల ఒక గుమ్మంలో కుండలున్నాయేం? మూతికి తెల్లగుడ్డ కట్టి, వరసగా పెట్టి ఉన్నాయి. ఎవరిల్లు అది?"

నాన్న మొహం సున్నంలా అయింది. ఆ ఇల్లు మద్దలేనాది.

చావు జరిగిన ఇంట్లో మావాళ్ళు పొయ్యి ముట్టించరు. ఇరుగుపొరుగు వండి, గుడ్డ కట్టి తెచ్చి ఇస్తారు. దానికి పిలుపు ఉండదు, మాట ఉండదు. ఊపిరి తీసుకున్నట్టు చేసేస్తారు. పొద్దున మా లోగిట్లో కోడిని పట్టుకుని, ఉన్ని పట్టుకుని అంత జాగ్రత్తగా నడిచిన ఆడవాళ్ళే ఇంటికి పోయి, పాపం ఆ పసిపిల్లలు తిండి లేకుండా ఉంటారని, ఒకరికి తెలియకుండా ఒకరు వండారు. ఎవరూ చూడకుండా శాలువా కింద దాచి తెచ్చి గుమ్మంలో పెట్టిపోయారు. తను ఒక్కతే తెచ్చానని ఒక్కొక్కామె అనుకుంది.

"ఏమంటున్నాడు? కుండలేమిటి?" అన్నాడు కాప్టెన్. తిత్తా నోరు తెరిచాడు. కాప్టెన్ చేయి ఎత్తి ఆపాడు. "నువ్వు కాదు. నువ్వు సగం మింగేస్తావు. ఆ బడిపిల్లని చెప్పమను. ఇలా రా అమ్మాయీ."

బడిలో పాఠం అప్పజెప్పాలంటేనే నాకు మాటలు తడబడతాయి. పాదిరిగారు ఎన్నోసార్లు నన్ను మధ్యలోనే కూచోమన్నారు. కానీ ఆ రోజు కూచోమనేవాళ్ళు లేరు. మద్దలేనా దుప్పటి మడతపెడుతోంది. కొసకి కొస కలిపి, చాలా శ్రద్ధగా.

"అది చావు తిండి అండీ" అన్నాను పుస్తకాల భాషలో. నాన్న కళ్ళు మూసుకున్నాడు. "చావు ఉన్న ఇంట్లో వండరు. ఊరివాళ్ళు వండి పంపుతారు."

"అయితే ఆ ఇంట్లో ఎవరు చచ్చారు?"

"ఆ ఇంట్లో ఎవరూ చావలేదండీ. శవం మా ఇంట్లో ఉంది కదా! మాకే పంపారు."

కాప్టెన్ కుర్చీ వైపు చూశాడు, నా వైపు చూశాడు. "మీకు పంపితే అక్కడెందుకు పెట్టారు?"

"మా గుమ్మంలో తుపాకులున్నాయండీ. రావడానికి భయపడ్డారు. అది మా రొట్టెలావిడ ఇల్లు. ఆవిడ ఎలాగూ ఇక్కడికి వస్తుంది కదా, తెస్తుందని."

"అంటే ఈ బందిపోటు కోసం మీ ఇల్లు ఏడుస్తోందా?" ఆయన గొంతు మారలేదు. అందుకే నాకు ఎక్కువ భయం వేసింది. ఆ మాటకి నేను అవునంటే మా నాన్న చిక్కుకుంటాడు, కాదంటే మద్దలేనా.

"ఏమంటున్నాడే?" అంది నాన్నమ్మ. చెప్పాను.

నాన్నమ్మ లేచి కాప్టెన్ ముందుకి వచ్చింది. ఆయన భుజం దాకా కూడా రాదు ఆమె. "చెప్పు ఆయనకి. శవాన్ని నేను పిలవలేదు. తెచ్చి నా కొడుకు కుర్చీలో కూచోబెట్టింది ఆయనే. ఎవడి బిడ్డో నాకు తెలీదు. కానీ నా కప్పు కిందికి వచ్చిన చావు, తెచ్చినవాడు ఎవడైనా, నాదే. పొద్దుటినుంచీ నా ఇంట్లో నిప్పు లేదు. నమ్మకపోతే పొయ్యిలో చెయ్యి పెట్టి చూసుకోమను."

నేను ఒక్క మాట కూడా వదలకుండా చెప్పాను. తిత్తా వంటింట్లోకి వెళ్ళాడు. వచ్చి బూడిద అంటిన అరచేయి చూపించాడు. "చల్లగానే ఉంది."

తర్వాత నా దగ్గరగా వచ్చి నిలబడ్డాడు. మా భాషలో, మెల్లిగా అన్నాడు. "పిల్లా, మాకూ ఇదే ఆచారం. మా లోయలో ఎంత భయమైనా కుండ తప్పు గుమ్మం ఎక్కదు."

"మీ గుర్రాన్ని మా గుమ్మంలో కట్టేశారు. అది తంతుంది" అన్నాను.

అతని ముక్కులోంచి చిన్న నవ్వు వచ్చింది.

"ఏమంది?" అన్నాడు కాప్టెన్.

"నా గుర్రం తంతుందట."

"అది నిజమే" అన్నాడు కాప్టెన్, తన మోకాలు తడుముకుని. తర్వాత, "సరే, తెప్పించండి. పొద్దుటినుంచి ఎవరి కడుపులోనూ ఏమీ లేదు" అన్నాడు.

కుండలు తేవడానికి మద్దలేనాతో నేనూ వెళ్ళాను. మా వెనకాల ఒక సైనికుడు వచ్చాడు. ఆమె గుమ్మంలో వంగగానే తలుపు సందులోంచి చిన్నది చేయి చాపింది. "అమ్మా, ఇది కోడిదా?"

"లోపలికి పో. ఇవి మనవి కావు" అంది మద్దలేనా. అంతవరకూ ఆమె మాట్లాడింది అదే.

శనగలతో ఉడికించిన పిండి పట్టీలు, కోడి రసం, ఎండు మిరపకాయలు వేసిన ఉప్పుచేప. లోగిట్లోనే బల్ల వేసి అందరికీ వడ్డించాం. కాప్టెన్ చేప తినలేదు. దోన్ ఆన్సెల్మో రెండుసార్లు వడ్డించుకుని, "ఈ ఊళ్ళో చావడం మేలు" అన్నాడు. నాన్న ఒక్క పట్టీని పళ్ళెం చుట్టూ తిప్పుతూ కూచున్నాడు. తిత్తా మాత్రం తినబోయే ముందు టోపీ తీసి నుదుటి మీద సిలువ గుర్తు వేసుకున్నాడు. చావింట్లో చెప్పే మాటే చెప్పాడు. "దేవుడు మీకు ఓర్పు ఇవ్వాలి. ఈ గడపకి ఇదే ఆఖరిది కావాలి." ఆ మాట నాన్నమ్మకి చెబుతున్నట్టు చెప్పాడు. చూపు మాత్రం నీళ్ళ కుండ దగ్గర నిలబడ్డ మద్దలేనా మీద ఉంది.

నాన్నమ్మ గిన్నె తీసుకుని మద్దలేనా దగ్గరికి వెళ్ళింది. చావు తిండిలో మొదటి ముద్ద పోయినవాడి సొంతమనిషి తినాలి. తనంతట తను తినదు కాబట్టి ఇంకొకరు నోటికి అందించాలి.

"పట్టు. పొద్దుటినుంచి నిలబడే ఉన్నావు."

మద్దలేనా మొహం పక్కకి తిప్పుకుంది.

"మింగవే" అంది నాన్నమ్మ. "పిల్లలున్నదానివి."

ఆమె మింగింది. గొంతులో ఆ ముద్ద దిగడం నాకు కనిపించింది.

"మంచి ముసలామె. పనిమనిషికి తన చేత్తో పెడుతోంది" అన్నాడు కాప్టెన్ దోన్ ఆన్సెల్మోతో.

తిండి అయ్యాక కాప్టెన్ ఇంకోసారి గాజు పలకని చూసుకుని, కింద 'పేరు తెలియదు' అని రాయమన్నాడు. శవాన్ని బండెక్కించి కింది ఊరి సంతలో నిలబెట్టాలట. తర్వాత సున్నపు గోతిలో వేస్తారు. సైనికులు తాడు విప్పడానికి వంగారు.

"కడక్కుండా గడప దాటనివ్వను" అంది నాన్నమ్మ.

నేను చెప్పాను. ఈసారి నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. కాప్టెన్ విసుక్కున్నాడు. "మళ్ళీ ఏం ఆచారం?"

"పలకలు ఆరేదాకా నేను ఎలాగూ కదలను" అన్నాడు దోన్ ఆన్సెల్మో, వేళ్ళు నాక్కుంటూ.

"కడగని శవం వెళితే వీధంతా మళ్ళీ గుమిగూడుతుంది కాప్టెన్ గారూ. ఆడవాళ్ళ ఏడుపులు పడాలి మనం" అన్నాడు తిత్తా. ఆ రోజు అతను అంత పొడుగ్గా మాట్లాడింది అప్పుడొక్కసారే.

కాప్టెన్ చేయి విదిలించాడు. "త్వరగా కానివ్వండి."

సైనికులు లవియేరోని గానుగ గదిలోకి మోసి, ఆలివ్ కాయలు ఆరబోసే చాప మీద పడుకోబెట్టి వచ్చేశారు. నాన్నమ్మ గట్టిగా, రొట్టెలు చెయ్యమని పురమాయించే గొంతుతోనే అంది: "నా నడుం వంగదు. మద్దలేనా, ఆ పని కూడా నువ్వే కానియ్యి. జెరార్దా, నువ్వు నీళ్ళు అందించు."

నేను బేసిన్‌లో చన్నీళ్ళు, సబ్బు, కాస్త ద్రాక్షసారా, ఉతికిన తువ్వాలు తీసుకెళ్ళాను. గదిలో పాత నూనె వాసన, దోన్ ఆన్సెల్మో మందుల ఘాటు కలిసి ఉన్నాయి. లవియేరో పైకప్పు వైపు చూస్తూ పడుకున్నాడు. జిగురు వల్ల రెప్పలు ఇంకా తెరుచుకునే ఉన్నాయి. మద్దలేనా చాప పక్కన మోకాళ్ళ మీద కూచుంది. ఏమీ చెయ్యలేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని కూచుంది.

నేను బేసిన్ దించి అక్కడే నిలబడ్డాను. నీళ్ళు పారబోయాలి కదా, తువ్వాలు అందించాలి కదా అనుకున్నాను. నిజానికి ఉండాలనిపించింది. అన్ని మాటలు చెప్పినదాన్ని, ఉండొచ్చనిపించింది. తలుపులోంచి లోగిట్లో వాళ్ళంతా కనిపిస్తున్నారు. కాప్టెన్ చుట్ట కాలుస్తున్నాడు. తిత్తా ఇటు వీపు పెట్టి, గుర్రం జీను పట్టీ బిగిస్తున్నాడు.

మద్దలేనా నా వైపు తల తిప్పింది. నేనక్కడ ఉన్నానని అప్పుడే చూసినట్టుంది.

"నీళ్ళు చాలు" అంది.

"సబ్బు ఇక్కడ పెట్టనా, అత్తా?"

ఆమె లేచి వచ్చి తువ్వాలు నా చేతిలోంచి తీసుకుంది. నా భుజం మీద చేయి వేసి నన్ను గుమ్మం వైపు తిప్పింది. గట్టిగా తొయ్యలేదు. నేను గడప దాటేదాకా ఆ చేయి తియ్యలేదు.

"నువ్వు వెళ్ళు తల్లీ" అంది.

నేను వెనక్కి తిరిగేసరికి ఆమె తలుపు మూసేసింది. లోపల గడియ పడింది.